కాలేయంలో గడ్డ: ఏది నిరపాయకరం, ఏది క్యాన్సర్? ఆధారాల పరిశీలన

కడుపునొప్పికో, కిడ్నీలో రాళ్లకో ఆల్ట్రాసౌండ్ తీయించుకున్నవారి రిపోర్టులో కాలేయంలో గడ్డ ఉన్నట్టు బయటపడటం ఇప్పుడు అరుదైన విషయం కాదు. అది ప్రాణాపాయం లేనిదా, క్యాన్సరా అని తేల్చడానికి వైద్యులు ఆధారపడే గుర్తులు ఎక్కడ పుట్టాయి, ఎవరి మీద పరీక్షించగా నిలిచాయి, ఎక్కడ విఫలమయ్యాయి అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. స్కాన్‌లో చుట్టుపక్కల కాలేయానికి భిన్నంగా కనిపించే ప్రతి భాగాన్నీ ఇక్కడ గడ్డగానే వ్యవహరించడం జరిగింది. చికిత్స ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

1. వ్యాప్తి: లెక్కల మధ్య వ్యత్యాసం

నిరపాయకరమైన గట్టి గడ్డల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేది హెమాంజియోమా, అంటే రక్తనాళాల ముద్ద. ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు ప్రచురితమైన జవాబులు 0.4 శాతం నుంచి 20 శాతం దాకా ఉన్నాయి. ఒకే గడ్డ విషయంలో యాభై రెట్ల తేడా ఇది. దీనికి కారణం జబ్బులో కన్నా వెతికిన తీరులోనే ఎక్కువగా ఉన్నట్టు తోస్తుంది. శవపరీక్షలో కాలేయాన్ని పలుచగా కోసి చూసినప్పుడు కొన్ని మిల్లీమీటర్ల ముద్దలు సైతం లెక్కకు వస్తాయి. మామూలు ఆల్ట్రాసౌండ్‌లో అవి తప్పిపోవచ్చు.

చిన్న గడ్డల స్వభావం గురించిన లెక్కలూ ఒకదానితో ఒకటి పొసగవు. 1992లో జోన్స్ బృందం 1,454 మంది సీటీ స్కాన్లు చూసి, 254 మందిలో 15 మి.మీ. మించని గడ్డలు ఉన్నట్టు నమోదు చేసింది. వాటిలో 51 శాతం నిరపాయకరమని, 22 శాతం క్యాన్సరని, 27 శాతం తేలలేదని వర్గీకరించింది. 1999లో ష్వార్ట్జ్ బృందం 2,978 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించింది. ఒక సెం.మీ. మించని గడ్డలు 12.7 శాతం మందిలో కనిపించాయి. అవి 80.2 శాతం మందిలో నిరపాయకరంగా తేలగా, మరోచోటి నుంచి పాకిన క్యాన్సర్ 11.6 శాతం మందిలోనే ఉంది.

రెండో అధ్యయనంలో అందరూ క్యాన్సర్ రోగులే అయినా ప్రమాదకరమైన గడ్డల వాటా తక్కువగా తేలడం గమనార్హం. పరిమాణపు హద్దు 15 మి.మీ. నుంచి 10 మి.మీ.కు తగ్గడం ఇందుకు ఒక కారణం కావచ్చు. మొదటి అధ్యయనంలో గడ్డలున్నవారిలో అధికులకు ముందే క్యాన్సర్ ఉండటమూ కొంత కారణం కావచ్చు. ఇంకో వివరం కూడా ఉంది. ష్వార్ట్జ్ బృందం లెక్కలో అసలు క్యాన్సర్ ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టి పాకిన క్యాన్సర్ శాతం మారింది: రొమ్ము క్యాన్సర్‌లో సుమారు 22, పెద్దపేగు క్యాన్సర్‌లో సుమారు 14, లింఫోమాలో సుమారు 4. గడ్డ పరిమాణం ఒకటే అయినా, అది ఎవరి కాలేయంలో ఉందన్నదాన్ని బట్టి అనుమానం బలం మారుతున్నట్టు ఈ అంకెలు సూచిస్తున్నాయి.

2. రక్త సరఫరా ఆధారంగా నిర్ధారణ: పుట్టుక, మార్పులు

ఆరోగ్యకరమైన కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పోర్టల్ సిర నుంచి, పావు వంతు కాలేయ ధమని నుంచి అందుతుంది. కాలేయంలోని కణితులు మాత్రం ప్రధానంగా ధమని రక్తం మీదే బతుకుతాయని బ్రీడిస్, యంగ్ 1954లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఇప్పటి స్కాన్ ప్రమాణాలకు మూలం అక్కడుందని చెప్పడం అతిశయోక్తి కాకపోవచ్చు. కాంట్రాస్ట్ ఎక్కించిన కొన్ని సెకన్లకు, ధమని దశలో, గడ్డ చుట్టుపక్కల కన్నా ఎక్కువగా మెరిసి, తరువాతి దశల్లో చుట్టుపక్కల కన్నా నల్లబడితే ఆ నల్లబడటాన్ని వాషౌట్ అంటారు. కాలేయ కణాల నుంచి పుట్టే హెపటోసెల్యులార్ కార్సినోమాకు ఈ జంట గుర్తులు ప్రధాన లక్షణాలుగా స్థిరపడ్డాయి.

అయితే ఆ స్థిరపడటం ఒక్కసారిగా జరగలేదు.

అ) 2000లో బార్సిలోనాలో జరిగిన యూరోపియన్ నిపుణుల సమావేశం తీర్మానాలు 2001లో వెలువడ్డాయి. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవారిలో 2 సెం.మీ. దాటిన గడ్డ రెండు రకాల స్కాన్లలో ధమని రక్తంతో మెరిస్తే, లేదా ఒక స్కాన్‌లో మెరిసి, రక్తంలో ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు 400 నానోగ్రాములు దాటితే, ముక్క తీయకుండానే క్యాన్సర్‌గా నిర్ధారించవచ్చన్నారు. అప్పటి ప్రమాణంలో వాషౌట్ ప్రస్తావన లేదు.

ఆ) 2005 అమెరికన్ మార్గదర్శకాల్లో వాషౌట్ చేరింది. 2 సెం.మీ. దాటితే ఒక స్కాన్ చాలని, 1 నుంచి 2 సెం.మీ. మధ్య గడ్డకు రెండు స్కాన్లు ఏకీభవించాలని పేర్కొన్నారు.

ఇ) 2008లో ఫోర్నర్ బృందం సిర్రోసిస్ రోగులు 89 మందిలో కొత్తగా కనిపించిన, 2 సెం.మీ. మించని గడ్డలను పరీక్షించింది. రెండు స్కాన్లు ఏకీభవించాలన్న నియమం పాటిస్తే, క్యాన్సర్ కానిదాన్ని క్యాన్సర్ అనే పొరపాటు ఒక్కటీ జరగలేదు. కానీ ఉన్న క్యాన్సర్లలో మూడో వంతు మాత్రమే ఆ నియమానికి దొరికాయి.

ఈ) ఇటువంటి ఫలితాల దరిమిలా 2010 అమెరికన్ మార్గదర్శకాలు 1 సెం.మీ. దాటిన గడ్డకు ఒక స్కాన్ చాలన్నాయి.

ప్రమాణం కఠినంగా ఉంటే క్యాన్సర్లు తప్పిపోతాయి, సడలిస్తే నిరపాయకరమైనవి క్యాన్సర్ ఖాతాలో పడతాయి. పదేళ్లలో ఇన్ని సవరణలు జరగడానికి ఈ రెంటి మధ్య సమతూకం కోసం సాగిన వెతుకులాటే కారణమని భావించవచ్చు.

3. లై-రాడ్స్ అంచెలు, వాటి విలువ

2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ప్రవేశపెట్టిన లై-రాడ్స్ విధానం గడ్డలను ఒకటి నుంచి ఐదు వరకు అంచెలుగా విభజిస్తుంది. ఒకటి నిశ్చయంగా నిరపాయకరం, ఐదు నిశ్చయంగా హెపటోసెల్యులార్ కార్సినోమా. 2019లో వాన్ డెర్ పోల్ బృందం వివిధ అధ్యయనాలను కలిపి లెక్కగట్టగా, మొదటి అంచెలో ఈ క్యాన్సర్ 0 శాతం, రెండో అంచెలో 13, మూడో అంచెలో 38, నాలుగో అంచెలో 74, ఐదో అంచెలో 94 శాతంగా తేలింది.

ఇందులో రెండో అంచె ప్రశ్నార్థకంగా కనిపిస్తుంది. "బహుశా నిరపాయకరం" అన్న శీర్షిక కింద 13 శాతం క్యాన్సర్లు ఉండటాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ముక్క తీసి పరీక్షించినవీ, శస్త్రచికిత్స జరిగినవీ ఇలాంటి అధ్యయనాల్లోకి ఎక్కువగా చేరతాయి. వైద్యుడికి అనుమానం కలగని గడ్డలు ఆ దారిలోకి రావు. అందువల్ల అసలు శాతం ఇంతకన్నా తక్కువగా ఉండే అవకాశం ఉంది. ఐదో అంచెలోనూ మిగిలిన 6 శాతంలో ఇతర క్యాన్సర్లూ ఉండవచ్చు కాబట్టి, ఆ 6 శాతాన్ని మొత్తంగా నిరపాయకరమని లెక్కించడం సరికాదు.

అంతకన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఈ విధానం సిర్రోసిస్, దీర్ఘకాలిక హెపటైటిస్ బి, లేదా హెపటోసెల్యులార్ కార్సినోమా ఇప్పుడు గానీ గతంలో గానీ ఉన్న పెద్దవారికే వర్తిస్తుంది. బడ్-కియారీ వంటి రక్తనాళ వ్యాధుల వల్ల సిర్రోసిస్ వచ్చినవారికి వర్తించదు, ఎందుకంటే అలాంటి కాలేయంలో పుట్టే నిరపాయకరమైన ముద్దలు కూడా ధమని దశలో మెరుస్తాయి. ఆరోగ్యకరమైన కాలేయంలోనూ అడినోమా అనే నిరపాయకరమైన గడ్డలు, కొన్ని పాకిన క్యాన్సర్లు ఇదే తీరు చూపవచ్చు. కాబట్టి ఆ జంట గుర్తుల బలం గుర్తుల్లోనే ఉన్నది కాదు, అవి కనిపించిన కాలేయం నుంచి కూడా వస్తున్నది.

4. నిరపాయకరమైన గడ్డల గుర్తులు, వాటిని పోలినవి

4.1. హెమాంజియోమా. కాంట్రాస్ట్ ముందుగా అంచుల్లో విడివిడి ముద్దలుగా చేరి, క్రమంగా లోపలికి నిండటం దీని లక్షణం. ఎంఆర్‌ఐలో టీ2 చిత్రంలో బాగా తెల్లగా కనిపిస్తుంది. అయితే చిన్నవాటిలో కొన్ని ఒక్కసారిగా నిండి, ధమని దశలో క్యాన్సర్‌లా మెరుస్తాయి. 1 సెం.మీ. లోపు హెమాంజియోమాల్లో ఇలాంటివి 42 శాతం వరకు ఉన్నట్టు 1995 నాటి ఒక సీటీ అధ్యయనం నమోదు చేసింది.

ఆల్ట్రాసౌండ్ సాక్ష్యం ఇంకా జాగ్రత్తగా చదవవలసింది. ఆరోగ్యకరమైన కాలేయంలో 3 సెం.మీ. లోపు, స్పష్టమైన అంచులతో, ఒకే తీరున తెల్లగా కనిపించే గడ్డకు మరో పరీక్ష అక్కర్లేదని 2016 యూరోపియన్ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఇటలీలో కాతురెల్లి బృందం 2001లో ప్రచురించిన అధ్యయనం దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్నవారిలో అచ్చం అలాగే కనిపించే గడ్డలను పరిశీలించింది. మొదటి పరీక్షలో కనిపించినవాటిలో సగం క్యాన్సర్‌గా తేలాయి. మొదట శుభ్రంగా ఉండి తరువాతి పరీక్షల్లో కొత్తగా కనిపించినవన్నీ క్యాన్సర్లే. ఈ రెండు ఆధారాల మధ్య వైరుధ్యం లేదు. ఒకటి ఆరోగ్యకరమైన కాలేయం గురించి, రెండోది జబ్బుపడ్డ కాలేయం గురించి చెబుతున్నాయి.

4.2. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా. హ్యూ ఎడ్మండ్‌సన్ 1958లో దీనికి ఈ పేరు పెట్టారు. అసహజమైన ధమని చుట్టూ కాలేయ కణాలు ప్రతిస్పందనగా పెరగడమే దీని మూలమని 1985లో వాన్‌లెస్ బృందం ప్రతిపాదించింది. ఈ వివరణ ఇప్పుడు విస్తృతంగా ఆమోదం పొందింది. నడిమధ్యన మచ్చ, అక్కడి నుంచి చక్రపు ఆకుల్లా వ్యాపించే రక్తనాళాలు దీని గుర్తులు. విశేషమేమిటంటే, ఎడ్మండ్‌సనే 1956లో వర్ణించిన ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అనే క్యాన్సర్‌లోనూ నడిమధ్యన మచ్చ ఉంటుంది. అది కూడా యువతలో, ఆరోగ్యకరమైన కాలేయంలోనే వస్తుంది, ఆల్ఫా ఫీటోప్రొటీన్ సాధారణంగా పెరగదు. టీ2 చిత్రంలో మొదటిదాని మచ్చ తెల్లగా, రెండోదాని మచ్చ నల్లగా కనిపించడం తేడా అంటారు. దీనికీ మినహాయింపులు నమోదయ్యాయి. మచ్చ ఉన్నంత మాత్రాన నిరపాయకరమని తేల్చలేం.

4.3. అడినోమా. గర్భనిరోధక మాత్రలతో దీనికి సంబంధం ఉండవచ్చని 1973లో బామ్ బృందం లాన్సెట్ పత్రికలో ఏడు కేసులతో సూచించింది. ఏడు కేసులు రుజువు కావు. అయితే 1970ల చివరిలో వచ్చిన తులనాత్మక అధ్యయనాలు ఆ సూచనను బలపరిచాయి. దీర్ఘకాలం మాత్రలు వాడినవారిలో ఏటా లక్షకు 3 నుంచి 4 కేసులన్న అంకె ఆ కాలంలోనిదే. అప్పటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ మోతాదు ఇప్పటికన్నా ఎక్కువ కాబట్టి, ఆ అంకెను నేటికి అలాగే అన్వయించడం సందేహాస్పదం. ఇదే మాత్రలకు ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియాతోనూ సంబంధం కట్టారు. కానీ 2000లో మాథ్యూ బృందం 216 మంది స్త్రీలను పరిశీలించి, ఆ గడ్డల సంఖ్య మీద గానీ పరిమాణం మీద గానీ మాత్రల ప్రభావం కనబడలేదని తెలిపింది.

అడినోమా నిరపాయకరమే అయినా క్యాన్సర్‌గా మారగలదు. 2010లో స్టూట్ బృందం 1,600కు పైగా కేసుల సమీక్షలో ఈ మార్పును 4.2 శాతంగా లెక్కగట్టింది. శస్త్రచికిత్స జరిగినవే ఎక్కువగా ప్రచురణకు వస్తాయి కాబట్టి ఇది అధిక అంచనా కావచ్చు. 5 సెం.మీ. దాటడం, రోగి పురుషుడు కావడం, బీటా-క్యాటెనిన్ జన్యువులో మార్పు ఉండటం ప్రమాదాన్ని పెంచుతాయని ఇప్పటి ఆధారాలు సూచిస్తున్నాయి. జన్యుమార్పుల ఆధారంగా అడినోమాలను ఉపరకాలుగా విభజించే పద్ధతి 2006 నుంచి ఫ్రెంచి పరిశోధకుల కృషి వల్ల రూపుదిద్దుకుంది.

5. రక్త పరీక్ష ఇచ్చే సాక్ష్యం

ఆల్ఫా ఫీటోప్రొటీన్‌కు కాలేయ క్యాన్సర్‌తో ఉన్న సంబంధాన్ని 1963లో అబెలెవ్ ఎలుకల్లోనూ, 1964లో తతారినోవ్ మనుషుల్లోనూ గుర్తించారు. 2001లో త్రెవిసానీ బృందం ప్రకారం, మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల హద్దు దగ్గర ఈ పరీక్ష ఉన్న క్యాన్సర్లలో 60 శాతాన్ని పట్టుకుంటుంది. క్యాన్సర్ లేనివారిలో 90.6 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది.

ఈ రెండు అంకెలు మారకపోయినా పరీక్ష విలువ ఎలా మారుతుందో లెక్కవేసి చూడవచ్చు. వెయ్యి మందిలో 500 మందికి క్యాన్సర్ ఉందనుకుంటే, 300 మంది సరిగ్గా దొరుకుతారు, 47 మందిని పరీక్ష తప్పుగా అనుమానిస్తుంది. అంటే అనుమానం కలిగిన వందలో 86 మందికి జబ్బు ఉంటుంది. అదే వెయ్యి మందిలో 50 మందికే జబ్బు ఉంటే, 30 మంది దొరుకుతారు, సుమారు 89 మంది మీద తప్పుడు అనుమానం పడుతుంది. అంటే అనుమానం కలిగిన వందలో 25 మందికే జబ్బు. దీనికి తోడు గర్భధారణ, హెపటైటిస్ విజృంభణ, వృషణాల్లోని కొన్ని కణితులు, పిత్తనాళ క్యాన్సర్ కూడా ఈ ప్రొటీన్‌ను పెంచగలవు. 2010 అమెరికన్ మార్గదర్శకాలు నిర్ధారణ ప్రమాణాల నుంచి దీన్ని తొలగించడానికి ఇలాంటి కారణాలే దారితీశాయి.

6. పరికరాల విషయంలో భిన్నాభిప్రాయాలు

6.1. కాంట్రాస్ట్ ఆల్ట్రాసౌండ్. జర్మనీలో 14 ఆసుపత్రులు, 1,349 మంది రోగులతో జరిగిన అధ్యయనం 2008లో దీని ఖచ్చితత్వాన్ని 90.3 శాతంగా నివేదించింది. అయితే 2010లో బార్సిలోనాకు చెందిన విలానా బృందం, సిర్రోసిస్‌లో వచ్చిన పిత్తనాళ క్యాన్సర్లలో దాదాపు సగం ఈ పరీక్షలో హెపటోసెల్యులార్ కార్సినోమాలాగే కనిపించినట్టు చూపింది. ఆ ఏడాది అమెరికన్ మార్గదర్శకాలు ఈ పరీక్షను పక్కనపెట్టాయి. 2018 యూరోపియన్ మార్గదర్శకాలు దానికి మళ్లీ చోటిచ్చాయి, కానీ రెండో వరుసలో. ఈ రెండు అధ్యయనాలు ఒకే ప్రశ్నకు జవాబులు కావని గుర్తించాలి. మొదటిది నిరపాయకరమా, క్యాన్సరా అని అడిగింది. రెండోది ఏ క్యాన్సర్ అని అడిగింది.

6.2. గాడోక్సెటిక్ ఆమ్లంతో ఎంఆర్‌ఐ. ఈ కాంట్రాస్ట్‌ను పనిచేసే కాలేయ కణాలు పీల్చుకుంటాయి. సుమారు 20 నిమిషాల తరువాత ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా తెల్లగా, చాలా అడినోమాలు, క్యాన్సర్లు నల్లగా కనిపిస్తాయి. అయితే బీటా-క్యాటెనిన్ మార్పు ఉన్న అడినోమాల్లో కొన్ని, హెపటోసెల్యులార్ కార్సినోమాల్లో కొద్ది శాతం కూడా దాన్ని పీల్చుకోగలవు. ఇక పాశ్చాత్య మార్గదర్శకాలు ఈ మందు వాడినప్పుడు పోర్టల్ సిర దశలో కనిపించే వాషౌట్‌నే గుర్తిస్తాయి. 2018 కొరియా మార్గదర్శకాలు తరువాతి దశల నల్లదనాన్నీ అనుమతించాయి. క్యాన్సర్లను తప్పిపోనివ్వకపోవడమా, తప్పుడు నిర్ధారణ చేయకపోవడమా అన్న ప్రాధాన్యంలో తేడాయే ఈ భేదానికి కారణంగా కనిపిస్తోంది.

6.3. డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ. నీటి అణువుల కదలికను కొలిచే ఈ పద్ధతిలో క్యాన్సర్లకు విలువ తక్కువగా, నీటితిత్తులకు, హెమాంజియోమాలకు ఎక్కువగా వస్తుంది. 2008లో పారిఖ్ బృందం ఒక హద్దు విలువతో పరీక్షించగా ఖచ్చితత్వం సుమారు 75 శాతంగా తేలింది. గట్టి నిరపాయకరమైన గడ్డల విలువలు క్యాన్సర్ల విలువలతో కలిసిపోవడం ఇందుకు ప్రధాన కారణం. తోడు సాక్ష్యంగా ఇది ఉపయోగపడవచ్చు, ఒంటరిగా సరిపోకపోవచ్చు.

7. ముక్క పరీక్ష తుది తీర్పా?

బయాప్సీ చేస్తే సందేహం తీరుతుందన్న భావన కొంతవరకే నిజం. పైన పేర్కొన్న ఫోర్నర్ బృందం అధ్యయనంలోనే, క్యాన్సర్‌గా తేలిన 60 చిన్న గడ్డల్లో మొదటి బయాప్సీ 18 సందర్భాల్లో దాన్ని పట్టుకోలేకపోయింది. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదాన్ని 2008లో సిల్వా బృందం సమీక్ష 2.7 శాతంగా అంచనా వేసింది. అంతేకాక, బాగా పరిణతి చెందిన క్యాన్సర్‌ను అడినోమా నుంచి వేరు చేయడం సూక్ష్మదర్శిని కింద కూడా కష్టమే. గ్లైపికాన్-3, గ్లూటమిన్ సింథెటేజ్ వంటి ప్రత్యేక రంజకాలు ఇందుకు తోడ్పడతాయి. పాథాలజిస్టుకు రోగి కాలేయ చరిత్ర తెలియడం ఇక్కడ కూడా అవసరం.

8. మన ప్రాంతానికి అన్వయం

పైన ఉదహరించిన అధ్యయనాల్లో అధికభాగం యూరప్, అమెరికాలలో జరిగాయి. హెపటైటిస్ బి ఉన్న భారతదేశానికి వాటి అంకెలు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం. కాలేయ అధ్యయన భారత జాతీయ సంఘం 2014లో వెలువరించిన పూరీ సిఫార్సులు కూడా ప్రధానంగా సీటీ, ఎంఆర్‌ఐ దశల చిత్రాలనే ఆధారం చేసుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో అమీబా వల్ల వచ్చే చీముగడ్డలు, హైడాటిడ్ తిత్తులు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. చీముగడ్డ తొలి దశలో గట్టి కణితిలా భ్రమింపజేయవచ్చు. జ్వరం, తెల్లకణాల సంఖ్య, పశువులతోనూ కుక్కలతోనూ మెలగిన చరిత్ర వంటి వివరాలు ఇక్కడ స్కాన్‌తో సమానమైన సాక్ష్యాలు కావచ్చు.

9. నిర్ధారణలు

పై ఆధారాలన్నిటినీ కలిపి చూస్తే, ఈ కింది అంశాలు పరిమిత నిశ్చయంతో చెప్పవచ్చు.

(1) ఆరోగ్యకరమైన కాలేయంలో, క్యాన్సర్ చరిత్ర లేనివారిలో అనుకోకుండా బయటపడే చిన్న గడ్డ నిరపాయకరం అయ్యే అవకాశమే ఎక్కువ.

(2) సిర్రోసిస్ గానీ దీర్ఘకాలిక హెపటైటిస్ బి గానీ ఉన్నవారిలో కొత్తగా కనిపించిన గట్టి గడ్డను, అది చూడటానికి ఎంత సాధువుగా ఉన్నా, నిరపాయకరమని ముందే భావించడం ప్రమాదకరం.

(3) ధమని దశ మెరుపు, వాషౌట్, నడిమధ్య మచ్చ, ఆల్ఫా ఫీటోప్రొటీన్, వీటిలో ఏ ఒక్కటీ స్వతంత్రంగా తీర్పు చెప్పలేదు. ప్రతిదాని బలమూ అది పరీక్షకు నిలిచిన రోగుల వర్గానికే పరిమితం.

(4) ప్రచురితమైన శాతాలు వెతికిన పద్ధతిని, ఎంపిక చేసిన రోగులను బట్టి మారుతున్నాయి. ఆ రెండూ తెలియకుండా శాతాన్ని ఉటంకిస్తే తప్పుదారి పట్టే అవకాశం ఉంది.

కాబట్టి కాలేయంలో గడ్డ ఉందని తెలిసినవారు వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ ఒక్క రిపోర్టుతో సరిపెట్టుకోకూడదు. పాత స్కాన్లు, హెపటైటిస్ బి, సి పరీక్షల ఫలితాలు, వాడుతున్న మందుల వివరాలు, గతంలో క్యాన్సర్ ఏదైనా వచ్చి ఉంటే దాని కాగితాలు వెంట తీసుకువెళ్లాలి. గడ్డ గురించి సరైన తీర్పుకు కాలేయపు చరిత్ర గడ్డ చిత్రమంత అవసరం.